ఫోటోలో లేని బోర్డు

వీరరాఘవులు గారు ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఎనభై ఒకటిలో ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి, అప్పటినుంచీ ఆర్.కె. పురం క్వార్టర్లలోనే ఉండిపోయారు. పెళ్ళయిన నాలుగో ఏడు భార్య జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఫైలు మీద నోటు రాయడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని ఆఫీసులో అనుకునేవారు. మూడు రోజులు వరసగా సెలవు దొరికితే మాత్రం మెడలో కెమెరా వేసుకుని, కశ్మీరీ గేటు బస్టాండులో కొండల్లోకి పోయే బస్సెక్కేసేవారు.

ఆయన నాకు పరిచయమైంది కెమెరా వల్లనే. నేను నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పేరు రాజగోపాల్. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళం, ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళం ముప్ఫైమందిమి కలిసి రెండువేల మూడులో ఒక ఈ-మెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. తీసిన ఫోటోలు అందులో పంపుకునేవాళ్ళం. నెలలో రెండో ఆదివారం అశోకా రోడ్డులో మన రాష్ట్ర భవనం క్యాంటీనులో కడుపునిండా భోంచేసి, ఇండియా గేటు పచ్చికలో కూర్చుని ప్రింట్లు చేతులు మార్చుకునేవాళ్ళం.

మిగతావాళ్ళం ఫోటో పంపి ఊరుకునేవాళ్ళం. వీరరాఘవులు గారు ఫోటోతోపాటు ఒక నోటు కూడా పంపేవారు. ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ టీ బంకు వెనక కాలిబాట ఉంది, ఎన్నింటికి ఎండ శిఖరాన్ని తాకుతుంది, ట్రైపాడ్ ఏ రాతి మీద పెట్టాలి, అన్నీ వివరంగా ఉండేవి. ఆ నోటు పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ దారి తప్పలేదు. మంచి చోటు తెలిస్తే దాచుకునే ఫోటోగ్రాఫర్లే నాకెక్కువ తెలుసు. ఆయన దాచుకునే రకం కాదు.

రెండువేల అయిదు నవంబరులో ఆయన ఉత్తరాఖండ్ కొండల్లో ఒక చిన్న నది దగ్గర ఫోటో తీశారు. ఆ నది పేరు ఇక్కడ రాయను. ఇరుకైన లోయ, నీళ్ళ మధ్య వేదికలా పరుచుకున్న నల్లటి బండ, తెల్లవారుతుంటే పైకి లేస్తున్న మంచు, వెనక ఎర్రబడిన శిఖరం. అంత మంచి ఫోటో మా గుంపులో అంతకు ముందు ఎవరూ తియ్యలేదు. దానిలో ఒక్కటే లోపం. కుడివైపు మూలన రెండు ఇనుప స్తంభాల మీద ఒక రేకు బోర్డు ఉంది. పైన ఉన్న విద్యుత్ ప్రాజెక్టు వాళ్ళు ఎప్పుడైనా నీళ్ళు వదలవచ్చు, నదిలోకి దిగవద్దు అని హిందీలో ఎర్ర అక్షరాలు.

"ఈ దరిద్రం ఒకటి అడ్డం తగిలింది, చూడు. దీన్ని తీసెయ్యడం కుదురుతుందా?" అని ఆయన నన్ను అడిగారు.

కుదురుతుందన్నాను. కంప్యూటర్లో పక్కనున్న రాతి రంగునే తెచ్చి బోర్డు మీద పూయడం ఎలాగో పక్కన కూర్చుని చూపించాను. రెండు సాయంత్రాలు కూర్చుని ఆయనే స్వయంగా పూర్తిచేశారు. అక్కడ బోర్డు ఉండేదని ఇక ఎవరూ కనిపెట్టలేరు. గ్రూపులో ఆ ఫోటోకి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు మరి దేనికీ రాలేదు. నోటులో ఆయన ఇలా రాశారు: "కుడి గట్టు దిగి బండ దాకా నడిచే వెళ్ళవచ్చు. నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు." ఆయన వెళ్ళిన రోజున అది నిజమే.

సాత్విక మా గుంపులో చేరింది ఆ తర్వాతి ఏడు. వయసు పాతికలోపు, గుర్గావ్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలతో ఇందిరాపురంలో కాపురం. పుట్టి పెరిగిందంతా ఢిల్లీ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ. ఎవరి ప్రింటు చేతికొచ్చినా కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక మూల నుంచి మరో మూల దాకా చూసేది.

"అంకుల్, ఈ చెట్టు వెనక ఇంకో మనిషి ఉన్నాడు కదా? పాంవ్ దిఖ్ రహా హై," అని ఒకసారి వీరరాఘవులు గారినే పట్టేసింది. చెట్టు పక్కన కనిపిస్తున్న ఆ పాదాన్ని ఆయన కూడా చూసుకోలేదు. ఆ రోజునుంచీ ఏ ప్రింటు తెచ్చినా ముందు ఆ అమ్మాయి చేతికే ఇచ్చేవారు.

రెండువేల ఏడు మే నెలలో ఆమె ఆ నది ఫోటో గురించి అడిగింది. "నాకు తెలుగు చదవడం రాదు కదా అంకుల్. ఆ నోట్ ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి పంపరా, ప్లీజ్?"

ఆయన ఆ సాయంత్రమే కూర్చుని, వాక్యం వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపారు.

జూన్ రెండో వారంలో ఇద్దరు ఆఫీసు స్నేహితురాళ్ళతో సాత్విక అక్కడికి వెళ్ళింది. తెల్లవారుజామున ట్రైపాడ్ తీసుకుని ఒక్కతే బండ మీదికి నడిచింది. మిగతా ఇద్దరూ గట్టు మీద ఉన్నారు. అయిదూ నలభైకి నీటి చప్పుడు మారిందని వాళ్ళు తర్వాత చెప్పారు. పిలిచారు. ఆమె కెమెరాలోకి చూస్తూ ఉంది. నీళ్ళు పాదాలకు తగిలాక తలెత్తింది. అప్పటికి బండకీ గట్టుకీ మధ్య నడిచే దారి లేదు. మూడో రోజున, పన్నెండు కిలోమీటర్ల దిగువన, శవం దొరికింది. గట్టు మీద వదిలిన ఆమె సంచిలో వీరరాఘవులు గారి నోటు ప్రింటు తీసిన కాగితం ఉంది.

ప్రాజెక్టు తరఫున పత్రికలకు ఒక ప్రకటన ఇచ్చారు. అక్కడ హెచ్చరిక బోర్డు ఉందని, ఢిల్లీ నుంచి వచ్చిన అమ్మాయి దాన్ని లెక్కచెయ్యకుండా దిగిందని. స్నేహితురాళ్ళిద్దరూ అక్కడ ఏ బోర్డూ లేదని మొత్తుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. జిల్లా మేజిస్ట్రేటు విచారణకు ఆదేశించారు.

పదిహేను రోజుల తర్వాత సాత్విక తండ్రి సదాశివరావు గారు వీరరాఘవులు గారిని ఇంటికి పిలిపించారు. తోడుగా నేను వెళ్ళాను. ఇందిరాపురంలో పదకొండో అంతస్తు. సదాశివరావు గారు ప్రభుత్వంలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. బల్ల మీద అప్పటికే ఒక లావాటి ఫైలు తయారుచేసి పెట్టుకున్నారు. భార్య అన్నపూర్ణేశ్వరి గారు మంచినీళ్ళిచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

తిడతారని, కొడతారని కూడా అనుకుని వెళ్ళాం. ఆయన మామూలు గొంతుతో మాట్లాడారు.

"మా అమ్మాయి చదువుకున్న పిల్లండీ. దిగొద్దని రాసుంటే దిగే పిల్ల కాదు. దాని తప్పేనని పేపర్లో వేశారు. మీ ఫోటో చూశాను. అందులో బోర్డు లేదు. మాకున్న సాక్ష్యం అదొక్కటే. ఫలానా తేదీన నేను తీసిన ఫోటో, అప్పటికి అక్కడ బోర్డు లేదు అని ఒక్క కాగితం రాసిస్తే చాలు."

వీరరాఘవులు గారు గ్లాసు కింద పెట్టారు. "సరేనండి," అన్నారు.

వెనక్కి వస్తుంటే నా కారులో, ఫ్లైఓవరు దాటాక, ఆయన నా వైపు తిరిగారు.

"రాజగోపాల్, ఆ అమ్మాయికి నోటు మళ్ళీ టైపు చేసేటప్పుడు నాకు బోర్డు గుర్తొచ్చింది," అన్నారు. "రాద్దామనుకున్నా. రాస్తే దాన్ని చెరిపానని కూడా చెప్పాలిగా. అక్కడికెళితే తనే చూసుకుంటుందిలే అనుకున్నా."

"ఇప్పుడు చెప్పకండి. ఆయన అడిగినట్టు రాసివ్వండి. ఆ అమ్మాయి మీద మాట పడకుండా పోతుంది. మీరు చెబితే ఎవరికి లాభం?" అన్నాను. వీరరాఘవులు గారి కోసమే అన్నాననుకున్నాను. నా కోసం కూడా అన్నానని తర్వాత తెలిసింది.

ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టి ఒంటరిగా ఆ నది దగ్గరికి వెళ్ళారు. గట్టు మీద రెండు స్తంభాల మొదళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. ఒకటి విరిగింది, ఒకటి నేలకు వంగింది. కిందటి వర్షాకాలంలో వచ్చిన వరదకు బోర్డు కొట్టుకుపోయిందని, ప్రాజెక్టు జీపువాళ్ళకు తను రెండుసార్లు చెప్పినా మళ్ళీ పెట్టలేదని టీ బంకు నడిపే ఆవిడ చెప్పింది. ఆయన ఆ మొదళ్ళను నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకొచ్చారు.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఇందిరాపురం వెళ్ళాం. ఆయన మూడు ప్రింట్లు బల్ల మీద వరసగా పెట్టారు. బోర్డు ఉన్న అసలు ఫోటో, చెరిపిన ఫోటో, విరిగిన స్తంభాలు.

"బోర్డు ఉందండి. చూడ్డానికి బాగాలేదని ఫోటోలోంచి నేనే తీసేశాను. మొన్న చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తర్వాత అది వరదకు పోయింది. వాళ్ళు మళ్ళీ పెట్టలేదు. మీ అమ్మాయి వెళ్ళిన రోజున అక్కడ బోర్డు లేదు, అది నిజం. విచారణలో ఇదంతా చెబుతాను."

సదాశివరావు గారు మూడు ఫోటోలూ మార్చి మార్చి చూశారు. మొదటిదాని మీద వేలు పెట్టి అడిగారు.

"ఇది మీరు ఇలాగే పంపి ఉంటే మా సాత్విక బోర్డు చూసేదా?"

"చూసేదండి," అన్నారు వీరరాఘవులు గారు. "ఏ ఫోటో అయినా మూలమూలా చూసేది. అక్కడికెళ్ళి, ఉండాల్సిన బోర్డు ఏదని అడిగేది."

"దిగేది కాదన్నమాట."

"దిగేది కాదండి."

ఆ మాట అబద్ధం చెప్పినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. సదాశివరావు గారు కుర్చీలోంచి లేచి, "ఇక వెళ్ళండి," అన్నారు. అన్నపూర్ణేశ్వరి గారు వంగి బల్ల మీది ఫోటోలు ఒక్కొక్కటే తీసి ఫైల్లో పెట్టుకున్నారు.

విచారణ సెప్టెంబరులో జరిగింది. నేనూ వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. వీరరాఘవులు గారు హిందీలో ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రాజెక్టు తరఫు వకీలు లేచి, "ఫోటోలు మార్చడం మీకు అలవాటే అన్నమాట. ఈ స్తంభాల ఫోటో మాత్రం మార్చలేదని ఎలా నమ్మాలి?" అన్నాడు. అదృష్టం కొద్దీ టీ బంకు ఆవిడ వచ్చి సాక్ష్యం చెప్పింది. చెరపడం ఎవరు నేర్పారని మేజిస్ట్రేటు అడిగారు. "నేనే నేర్చుకున్నానండి," అన్నారాయన. నేను లేవలేదు. ఆ బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను.

జనవరిలో నివేదిక వచ్చింది. పది నెలలపాటు బోర్డు లేకుండా వదిలేసినందుకు ఒక ఇంజనీరు మీద చర్య, అక్కడ సైరను పెట్టాలని ఆదేశం. చివర్లో, మృతురాలు తనంతట తానే నదిలోకి దిగింది అని ఒక వాక్యం. ఆ వాక్యం తీసేయించాలని సదాశివరావు గారు ఏడాదిపాటు తిరిగారు. తియ్యలేదు.

గ్రూపులో చాలామంది వీరరాఘవులు గారినే తప్పుపట్టారు. బోర్డు చెరిపినందుకు కాదు, బయటపెట్టినందుకు. తీగలూ స్తంభాలూ చెరపని వాళ్ళెవరు మనలో అని ఒకరు రాశారు. ఆయన దేనికీ జవాబు రాయలేదు. ఆ చలికాలమంతా రోజుకొకటి చొప్పున తన పాత ఫోటోల అసలు ప్రతులు గ్రూపుకి పంపారు. ప్రతిదాని కిందా, ముందు పంపినప్పుడు తీసేసింది ఏమిటో రాశారు. సరస్సు ఒడ్డున చెత్తకుప్ప. గుడిమెట్ల మీద పడుకున్న రోగి. లోయ అంచున తెగిపోయిన కంచె. నూట నలభై రెండు ఫోటోలు. చూసినవాళ్ళు తక్కువ. విసుగేసి కొందరు గ్రూపు వదిలేశారు. వేసవికి ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. ఆయన కెమెరాను ఆఫీసులో ఒక ప్యూనుకి ఇచ్చేశారు.

రెండువేల తొమ్మిదిలో ఒకరోజు అన్నపూర్ణేశ్వరి గారు ఆయనకు ఫోన్ చేశారట. "మీ ఆదివారాల్లో అది ఏం మాట్లాడేదో చెప్తారా? ఇంట్లో మాతో ఎక్కువ మాట్లాడేది కాదండి," అని అడిగారట. ఆయన వెళ్ళారు. సదాశివరావు గారు తలుపు తీసి, మనిషిని చూసి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసుకున్నారు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటల ఎండ.

వీరరాఘవులు గారు గుర్తున్నవన్నీ చెప్పారు. అన్నంలో పెరుగు ముందే కలిపేసుకునేదని, చెట్టు వెనక పాదాన్ని పట్టేసిందని, తెలుగు చదవడం నేర్పమని రెండుసార్లు అడిగిందని. ఆవిడ మధ్యలో ఆపి, "ఏ నెలలో అడిగింది?" అన్నారు. ఫిబ్రవరిలో అని చెప్పారు. నేర్పారా అని ఆవిడ అడగలేదు.

గంటన్నర కూర్చున్నారు. అంతసేపూ సదాశివరావు గారు ఆ ఎండలోనే నిలబడ్డారు. ఆయన లోపలికి రావాలంటే తను వెళ్ళిపోవాలని అర్థమై, వీరరాఘవులు గారు లేచి చెప్పులు వేసుకున్నారు.