సంత చిక్కుళ్లు

బియ్యం బస్తా ఎత్తమంటే నడుం పట్టిందని తప్పించుకునే మనిషిని నేను. బరువు పని ఉన్నప్పుడు వీడు కనబడడు, పనయ్యాక అన్నం దగ్గర ముందు కనబడతాడని మా అన్న ఊరంతా చెప్పి నవ్విస్తాడు. నిజమే. అలాంటి నేను అరకిలో చిక్కుడుకాయలను ఏడేళ్లుగా మోస్తున్నాను. ఎక్కడైనా దించుదామంటే చోటు దొరకలేదు. మీకు నా పేరు తెలియదు, నాకు మీ మొహం తెలియదు. అందుకే ఇక్కడ దించుతున్నాను.

టేకులపల్లి వైపు వాణ్ని. ఏడో తరగతితో బడి మానేశాను. వీడు బడి మానలేదు, బడే వీణ్ని మానేసిందని మా సారు అనేవాడు. అప్పట్నుంచి నోటితోనే బతుకుతున్నాను. ఇప్పుడు భద్రాచలం నుంచి పర్ణశాలకు ఆటోలో భక్తులను తీసుకెళ్తాను. దారి పొడుగునా నవ్విస్తాను. నవ్వినవాళ్లు బేరం ఆడరు. పెళ్లి ఒక్కటే జోకు కాదని తెలిసేసరికి వయసు దాటిపోయింది. కిరాయి గదిలో ఒక్కణ్ని. పర్ణశాలలో సవారీని దింపి ఖాళీ ఆటోతో తిరిగొచ్చేటప్పుడు నాకు ఒక్క జోకు కూడా రాదు. వెనక సీట్లో ఎవరూ లేకపోతే నేనెవరో నాకే సరిగా తెలియదు. అప్పుడే ఆ కాయలు బరువెక్కుతాయి.

ఏడేళ్ల కింద జీపు నడిపేవాణ్ని. మా అడివి అంచు ఊళ్లలో జనం తినే తిండిలో సీసంలాంటి లోహాలు ఉన్నాయేమో చూడడానికి నగరం నుంచి ఒక మేడం వచ్చింది. దారులు తెలిసినవాడు, జనంతో కలిసేవాడు కావాలంటే నన్ను చూపించారు. సీసం అంటే బ్యాటరీలో ఉంటుందనీ, చేపల వల అడుగున గుండ్లు కడతారనీ మాత్రమే నాకు తెలుసు. కూరలో ఉంటే పంటికి తగలదా మేడం అని అడిగాను. పంటికి తగిలేదైతే నేను ఇంత దూరం ఎందుకొస్తానంది. రంగు ఉండదట, వాసన ఉండదట, రుచి మారదట. చిన్నపిల్లల ఒంట్లో కొంచెం కొంచెంగా చేరుతుందట. కడుపునొప్పి వస్తుంది, చదువు తలకెక్కదు, అది సీసం పని అని ఎవరికీ తోచదు. మిషన్‌లో పెడితేనే తేలుతుంది.

పని నేర్పింది. కొత్త గ్లౌజులు వేసుకోవాలి. ఆ ఇంటివాళ్లు తినేదే, వాళ్ల దొడ్లోదే, కొత్త కవర్లో వెయ్యాలి. ఎవరి ఇల్లు, ఏ పక్క దడి, ఏ రోజు తెంపింది లేబుల్ మీద రాయాలి. దొరకకపోతే దొరకలేదని రాయాలి. ఖాళీ కవరు తెచ్చినా తప్పు లేదు, ఒక ఇంటి కవర్లో ఇంకో ఇంటి కాయ మాత్రం పడొద్దు. ఈ మాట నా చేత మూడుసార్లు చెప్పించింది. మూడుసార్లు మూడు గొంతులతో చెప్పి ఆమెను నవ్వించాను.

ఊరి పేరు రాయను. వాగు ఒడ్డున కోయ గూడెం. వాగుకు పైన ఎవరో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు పెట్టారు. పొగ గూడెం మీదికే వచ్చేది. రెండు మేకలు చచ్చిపోయాయి. ఆ షెడ్డుకు అందరికంటే దగ్గరి ఇల్లు ముత్తవ్వది. కొడుకూ కోడలూ పత్తి ఏరడానికి ఎర్రుపాలెం వైపు పోతే, మూడేళ్ల మనవరాలు ఆమె దగ్గరే ఉండేది. ఇంటి ముందు దడి నిండా చిక్కుడు తీగ. ఆ గూడెంలో చిక్కుడు కాసినన్నాళ్లూ పొద్దున అదే కూర, మాపున అదే కూర.

మేడం మొదటిసారి వెళ్లినప్పుడు దడి మీద ఇంకా పూతే ఉంది. ముత్తవ్వ మేడాన్ని అన్నీ అడిగి తెలుసుకుంది. చివరికి, మిషన్ చెప్పేదాకా ఈ దడి చిక్కుడు పిల్లకు పెట్టనంది. మేడం కూడా దాచకుండా చెప్పింది. మేం తిండి వరకే చూస్తాం. ఈ కవర్లో సీసం తేలితే రెండో విడత పరీక్ష వస్తుంది, మట్టికి, నీళ్లకు, పిల్లల రక్తానికి. తేలకపోతే మేం వేరే ఊరు పోతాం.

ఆ గూడెంలో తీసేది ఆ ఒక్క ఇంటి కవరే. అంటే ఆ గూడెం సంగతంతా ఒక్క కవరు మీద ఉంది. అది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

చివరి రోజు మేడానికి జ్వరం. భద్రాచలం లాడ్జిలో పడుకుంది. మర్నాడు పొద్దున శాంపిళ్లు తీసుకుని బండి నగరానికి పోవాలి. మిగతా ఊళ్లవన్నీ వచ్చాయి, ముత్తవ్వ చిక్కుడు ఒక్కటే మిగిలింది. నువ్వొక్కడివే తేగలవా అంది మేడం. నేనడిగితే దడి కూడా కాదనదు అన్నాను.

దడి మీద కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. గ్లౌజులు వేసుకుని చెయ్యి చాచాను. ముత్తవ్వ అడ్డం వచ్చింది. చిక్కుడు కొత్తలు ఇంకా కాలేదంది. కొత్తలంటే ఏమిటో మాకు అక్కడ అందరికీ తెలుసు. కొత్త కాయ ముందు ఊరి అమ్మవారికి పెట్టాలి. పెద్దలు రోజు చూసి ఆ పండుగ చేసేదాకా కాయ ముదిరి ఎండిపోనీ, తెంపరు, తినరు, ఒకరికి ఇవ్వరు.

"ఎనిమిది రోజులు ఆగు కొడుకా. కొత్తలైనంక బుట్టెడు ఇస్త."

"నేను తింటనా అవ్వా? మిషన్ తింటది. మిషన్‌కు ఏ దేవుడూ లేడు."

"మిషన్‌కు లేకుంటే లేకపాయె. తెంపే చెయ్యి నీదే గద."

అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. వాళ్ల భాషలో ఏదో అనుకుని మళ్లీ నవ్వారు. నాకు సగమే అర్థమైంది. జీవితమంతా నేను నవ్వించాను గానీ నన్ను చూసి నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇంకో రెండు మాటలు విసిరాను. అవి పారలేదు. గ్లౌజులు తీసి జేబులో పెట్టుకుని జీపెక్కాను.

దొరకలేదని రాస్తే సరిపోయేది. మేడం తిట్టేది కాదు, ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ పంపించేది. కూలీ పోయేది కాదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ లంచం ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, ఏదైనా పెద్ద కారణం దొరుకుతుందేమోనని, కనీసం భయపడ్డానని అయినా చెప్పుకోవచ్చునని. దొరకలేదు. నేనడిగితే దడి కూడా కాదనదు అన్నాను కదా, ఆ మాట దక్కించుకోవాలి. అంతే. ఒక గొప్ప కోసం.

దారిలో వారం సంత. ఒక గుట్ట చిక్కుళ్ల ముందు ఆగాను. ఎక్కడివని అడిగితే కింది జిల్లాల నుంచి లారీలో వచ్చాయన్నాడు అమ్మేవాడు. జేబులోంచి గ్లౌజులు తీసి వేసుకున్నాను. అబద్ధం చేస్తూ కూడా నియమం తప్పలేదు చూడండి. ఏందన్నా, చిక్కుడుకు ఆపరేషన్ చేస్తవా అన్నాడు వాడు. చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. అరకిలో కవర్లో వేసి లేబుల్ రాశాను. ముత్తవ్వ పేరు, గూడెం పేరు, ఇంటి ముందు దడి, షెడ్డు వైపు. నా జన్మలో ఒక్క తప్పు లేకుండా రాసిన కాగితం అదొక్కటే. మేడం జ్వరంలోనే లేచి చూసి, నీ రాత బాగుపడిందని మెచ్చుకుంది.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. ముత్తవ్వ చిక్కుడులో సీసం ఉండొచ్చన్న హద్దు లోపలే ఉందట. ఉంటుంది మరి, ఆ కాయ ఆ షెడ్డు పొగ చూస్తేగా. గూడెంలో చదివి చెప్పమని మేడం నాకే అప్పజెప్పింది. నువ్వు చెప్తే వాళ్లకు బాగా అర్థమవుతుందంది.

కాగితం పట్టుకుని నిలబడ్డాను. కొత్తలు ఎప్పుడో అయిపోయాయి. పెద్దవాళ్లు తింటున్నారు. కానీ ముత్తవ్వ అన్న మాట ప్రకారం పిల్లకు ఇంకా పెట్టలేదు. నన్నే చూస్తోంది. ఇది మీ కాయ కాదవ్వా అని ఒక్క మాట అంటే చాలు. నోటి దాకా వచ్చింది. నా నోటి సంగతి నాకు తెలుసు, దాంట్లోంచి ఏ మాటైనా జోకై బయటికొస్తుంది. అవ్వా, నీ చిక్కుడు పాసైంది, నేను ఫెయిలైన ఏడో తరగతి కంటే పెద్ద పరీక్ష అది అన్నాను. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వించాను.

ముత్తవ్వ ఆ రోజే దడి దగ్గరికి పోయి కాయలు తెంపింది. పిల్ల కొంగు పట్టుకుని వెంట తిరుగుతోంది. మంచి మాట తెచ్చినందుకు నాకూ ఒక మూట కట్టి ఇచ్చింది.

ఇప్పటిదాకా రాసింది ఎలాగో రాశాను. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూట నేను తినలేదు. వాగు దాటాక జీపు ఆపి పొదల్లో పారేశాను. అప్పుడు నేనేం అనుకున్నాను? ఏమీ అనుకోలేదు. చెయ్యే పారేసింది. ఆ కాయలో ఏముందో తెలియదని నా చేతికి తెలుసు, నా కడుపుకు తెలుసు. ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

షెడ్డువాళ్లు ఆ కాగితం నకలు సంపాదించి, అడిగినవాళ్లందరికీ చూపించారు. ఇంకో రెండేళ్లు కరిగించి, వాళ్లంతట వాళ్లే ఎత్తేసుకుని పోయారు.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్తారు. దేవుడు నాకు ఈ మేలు చేశాడనీ, నేనీ తప్పు చేశాననీ ఒక్కొక్కరు లేచి నిలబడతారు. ఒకసారి గట్టిగా అనుకుని లేచాను. నేను లేవగానే, నోరు తెరవకముందే, అందరి మొహాల్లో నవ్వు మొదలైంది. పాస్టరు గారు కూడా సర్దుకుని కూర్చున్నారు. వాళ్ల తప్పేముంది? ఇన్నేళ్లు నేను అలవాటు చేసిన నవ్వే అది. వానలో ఆటో పంక్చరైన కథ చెప్పి కూర్చున్నాను. నూరు మంది నవ్వుతుంటే ఆ మధ్యలో ఒక్కణ్నే ఉండడం ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఈ ఏడు వానాకాలం ముత్తవ్వ మనవరాలు చదివే హాస్టల్ బడికి డాక్టర్లు వచ్చి పిల్లల రక్తం తీసుకున్నారు. ఆ పిల్లకు ఇప్పుడు పదేళ్లు. ఎప్పుడూ కడుపు పట్టుకుని కూర్చుంటుందట. చెప్పింది నిలవదని టీచరు అంటుందట. రక్తంలో సీసం ఉందని తేలింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవడానికి ముత్తవ్వ నా ఆటోనే ఎక్కింది. తెలిసినవాణ్ని కదా.

 సగం దారిలో, ఎవరినీ అనకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు అడిగింది. అప్పుడు మిషన్‌లో పెట్టి చూసిరి, మా చిక్కుడు మంచిదే అంటిరి, మరి పిల్లకు యాడికెళ్లి వచ్చింది?

వెనక సీట్లో మనుషులు ఉండి కూడా నాకు ఒక్క జోకు రాలేదు. అలా కావడం అదే మొదటిసారి.

నిజంగా యాడికెళ్లి వచ్చింది? పొగ నుంచా, మట్టి నుంచా, నీళ్ల నుంచా, ఆ దడి నుంచా? డాక్టర్లకే తెలియదు, నాకేం తెలుస్తుంది? ఆ కాయల్లో సీసం అసలు ఉందో లేదో కూడా తెలియదు. ఒక్కోసారి, లేదేమో, నా తప్పు తప్పే కాదేమో అనుకుని ఊపిరి పీల్చుకోబోతాను. వెంటనే ఇంకో మాట అడ్డం వస్తుంది. తెలుసుకునే దారి ఒక్కటే ఉండె. దాన్ని సంత చిక్కుళ్లతో పూడ్చింది ఎవరు?

పోయిన వారం, ముందుగా మేడానికి ఫోన్ చేశాను. చెప్పాను.  లేబుల్ మీద ఏ తేదీ రాశావని అడిగింది. ఆ ఫలితం చెల్లదని రాసి పంపుతానంది. మళ్లీ ఎవరైనా వచ్చి ఆ గూడెం చూస్తారా అంటే, అడుగుతాను, మాట ఇవ్వలేనంది. పెట్టేసింది.

ఆ మర్నాడు పొద్దున గూడేనికి పోయాను. దడి మీద కాయ నిండుగా ఉంది. ఈ ఏడూ కొత్తలు ఇంకా కాలేదు. ముత్తవ్వ అరుగు మీద చీపురు పుల్లలు కడుతోంది. పిల్ల పక్కనే పడుకుని ఉంది. నిలబడే చెప్పాను. సంత చెప్పాను, గ్లౌజులు చెప్పాను, లేబుల్ చెప్పాను. పొదల్లో పారేసిన మూట కూడా చెప్పాను. ఎక్కడా నవ్వించలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే లేదనడం ఆమెకు చేతకాదేమో, ఆ మొహమాటం కూడా నేనే పెట్టడం ఎందుకు?

చెప్పడం అయిపోయాక నా కాళ్లు తేలికయ్యాయి. సిగ్గుగా ఉంది ఈ మాట రాయాలంటే, కానీ అయ్యాయి. ఏడేళ్లలో మొదటిసారి నా గొంతు నాకు నాదిలాగే వినిపించింది. 

ముత్తవ్వ చేతిలో పుల్లలు కింద పెట్టింది. పిల్ల మీదికి వచ్చిన ఎండకు కొంగు అడ్డం పెట్టింది. తర్వాత నా వైపు చూసింది.

"అప్పుడు ఎనిమిది రోజులు ఆగలేకపోతివి. గీ మాట చెప్పనీకి ఏడేండ్లు ఎట్ల ఆగినవ్?"