ఎల్లమ్మ పెట్టిన సూది పరీక్ష

1942 వానాకాలం నాటి మాట. పాతబస్తీలో, లాల్‌దర్వాజా నుంచి నడిచి రాగలిగినంత దూరంలో ఉన్న ఒక చిన్న దవాఖానాలో నేను సిస్టర్‌గా ఉండేదాన్ని. మద్రాసులో కొన్నాళ్ళుండి షుగరు రోగులను చూసుకునే పద్ధతి నేర్చుకు వచ్చాను కాబట్టి, దాన్ని మా నర్సులకూ కాంపౌండర్లకూ నేర్పే పని నాకే అప్పగించారు. ఆ రోజుల్లో షుగరుకు మాత్రలు లేవు. పథ్యం ఒకటి, ఇన్సులిన్ సూది ఒకటి. యుద్ధం మూలంగా ఓడలు సరిగా రాక ఇన్సులిన్ సీసా దొరకడమే గగనంగా ఉండేది. ఉన్నవాటిని తడిగుడ్డ చుట్టిన కూజాలో పెట్టి కాపాడుకునేవాళ్ళం.

నా క్లాసులో ముఖ్యులు ఇద్దరు. మార్త యాకుత్‌పురా నుంచి వచ్చే నర్సు, చెయ్యి చురుకు, మాట తక్కువ. ఖాసిం మియా కాంపౌండరు. తాలీమ్‌కు వెళ్ళి కుస్తీలు పట్టే మనిషి, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుగు రాదు. కానీ అంత మర్యాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎవరినైనా నొప్పించే మాట ఆయన నోట రాదు, ఇంకొకరు అన్నది కూడా ఆయన నోట రాదు. సూది వేయడం బత్తాయిల మీద నేర్పాను. తొక్క దాటి ఎంత లోతుకు పోవాలి, సిరంజిలో గాలి బుడగ లేకుండా మందు ఎలా తీయాలి, ఇవన్నీ ఇద్దరూ బాగానే పట్టుకున్నారు. ఇక బతికున్న మనిషి కావాలి.

ఆ మనిషి ఎల్లమ్మ. లాల్‌దర్వాజాలో పాడి ఉన్న ఇంటి పెద్ద, యాభై దాటిన వయసు. బర్రె తొక్కితే కాలి వేళ్ళ దగ్గర అయిన పుండు ఎంతకీ మానక వచ్చి చేరింది. అప్పట్లో మూత్రంలో చక్కెర చూడడానికి బెనెడిక్ట్ సొల్యూషన్ అనే నీలం ద్రావకంలో కొన్ని చుక్కలు వేసి కాచేవాళ్ళం. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. ఎల్లమ్మది రోజూ ఇటుకే. పథ్యం పెట్టినా ఇటుకే. ఇన్సులిన్ మొదలుపెట్టకపోతే ముందు వేళ్ళు, తరువాత పాదమే తీసేయాల్సి వస్తుందని డాక్టర్ సాబ్ అన్నారు.

డాక్టర్ సాబ్ విలాయత్‌లో చదివి వచ్చినవారు. సన్నటి మనిషి, షేర్వానీ, రూమీ టోపీ. మాతో ఉర్దూ, కాగితాల మీద ఇంగ్లీషు. ఉత్తరాది నుంచి ఏనాడో వచ్చి స్థిరపడిన కుటుంబం అయి ఉంటుందని మా అందరి నమ్మకం. రోగులు తెలుగులో మాట్లాడితే ఆయన ఖాసిం వైపు తిరిగి, ఏమంటున్నారని అడిగేవారు.

మొదటి రోజే ఆయన ముఖం చూసి ఎల్లమ్మ, "గీ సారు మొకం ఏంది, ఇరిగిన పాల లెక్క ఉన్నది," అంది.

డాక్టర్ సాబ్ ఖాసిం వైపు చూశారు.

"హుజూర్, మీ ముఖం పాలలాగా తెల్లగా వెలిగిపోతోందని అంటోంది," అన్నాడు ఖాసిం ఉర్దూలో, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

"ఒంటి మీద మాంసం లేనోడు నాకు తిండి గురించి జెప్తడా," అంది ఎల్లమ్మ.

"మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమంటోంది, హుజూర్."

డాక్టర్ సాబ్ గంభీరంగా తల ఊపారు. రోజూ ఇదే తంతు. వెనకాల నిలబడి మార్తా నేనూ పెదవులు బిగబట్టుకునేవాళ్ళం.

డాక్టర్ సాబ్ ఎదుటే ఇన్సులిన్ సంగతి చెప్పేసరికి ఎల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది. వరండాలో మా బత్తాయి పాఠాలన్నీ ఆమె చూస్తూనే ఉంది.

"సిస్టరమ్మా, బత్తాయిలను పొడిసి పొడిసి ఇగ నా మీదికొచ్చిన్రా? బత్తాయి ఏడుస్తదా, ఏమన్నంటదా? వీళ్ళు నేర్సుకునెటందుకు నా తొడనే దొరికిందా?"

"కాలు పోతదమ్మా," అన్నాను.

ఆమె కాసేపు కాలి కట్టు వైపు చూసుకుంది. భయపడిందని తెలుస్తూనే ఉంది. గొంతు మాత్రం తగ్గించలేదు. "అయితే ఒక్క మాట. ముందుగాల మీరు ఒకలకొకలు పొడుసుకోన్రి. నేను కండ్లార సూస్త. ఎవ్వని శెయ్యి మంచిదో గానితోనే ఏపిచ్చుకుంట. సారు గూడ రావాలె. అందరికీ జెప్పెటోడు ఆయనే గద."

ఖాసిం దీన్ని ఎలా మర్యాదగా మార్చాలో తెలియక నా వైపు చూశాడు. నేనే ఉర్దూలో ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. డాక్టర్ సాబ్ షేర్వానీ గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

ఇన్సులిన్ కాదు, ఉప్పు కలిపి మరిగించి చల్లార్చిన నీళ్ళు, సెలైన్ అంటాం, అదే వాడాం. అప్పటి సూదులు ఇప్పటివాటిలా సన్నం కావు. వాడి తగ్గితే రాయి మీద నూరి మళ్ళీ ఉడకబెట్టి వాడేవాళ్ళం. వార్డులో నడవగలిగినవాళ్ళందరూ ఎల్లమ్మ మంచం చుట్టూ చేరారు. మార్త నాకు వేసింది. చురుక్కుమంది, ఊరుకున్నాను. నేను మార్తకు వేశాను. ఎల్లమ్మ ఇద్దరినీ చూసి, పరవాలేదన్నట్టు గడ్డం ఆడించింది.

ఇక ఖాసిం డాక్టర్ సాబ్‌కు వేయాలి. "మాఫ్ కర్నా హుజూర్," అని, కళ్ళు సగం మూసుకుని, సూది దించాడు. తొందరలో నూరని సూది తీసినట్టున్నాడు.

"అవ్వా, సచ్చిన్నే," అన్నారు డాక్టర్ సాబ్.

అది ఉర్దూ కాదు, ఇంగ్లీషు కాదు. మన పల్లెల్లో చెయ్యి తలుపు సందున పడితే వచ్చే అసలు సిసలు తెలుగు.

ఎల్లమ్మే ముందు తేరుకుంది. "ఏంది సారూ, నువ్వు మనోడివేనా?"

డాక్టర్ సాబ్ చెయ్యి రుద్దుకుంటూ, ఇక దాచి లాభం లేదనుకున్నారేమో, "మాది కరీంనగర్ దిక్కు, పెద్దమ్మా," అన్నారు. చిన్నప్పటి నుంచీ చదువంతా ఉర్దూలో సాగిందట. సర్కారు కచేరీల్లో, దవాఖానాల్లో తెలుగు మాట్లాడితే పల్లెటూరి మొద్దు అంటారని, నోటికి తాళం వేసుకోవడం అలవాటైపోయిందట. తరువాత మెల్లగా ఖాసిం వైపు తిరిగారు. "పాల సంగతి నాకు అప్పుడే తెలుసు, ఖాసిం మియా. నువ్వు మస్తు చెప్పినవు."

ఖాసిం మియా సిరంజిని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టాడు. ఆ తరువాత గోడ కూలినట్టు కూలిపోయాడు.

సూదిని చూసి పహిల్వాన్ పడిపోయాడని వార్డులో చాలాకాలం చెప్పుకున్నారు. సూదికి కాదని మాకు తెలుసు. ఎల్లమ్మ తన చెంబులో నీళ్ళు అతని ముఖాన చల్లి, మంచం దిగి, అతన్ని తన మంచం మీదనే పడుకోబెట్టించి, కొంగుతో విసురుతూ కూర్చుంది. అతను కళ్ళు తెరిచాక అంది. "ఇగో, నాకు గీ కొడుకే ఏస్తడు సూది. ఎదుటోనికి నొస్తదని గింత భయమున్నోడు ఊకనే పొడువడు."

అసలు విషయం ఆ తరువాత బయటపడింది. డాక్టర్ సాబ్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని తెలుగులోనే అడిగారు. "పెద్దమ్మా, తీపి బందు జేసినవా?"

"సారూ, ఒట్టు. ఒక్క మిఠాయి ముట్టలే."

"మరి నిన్న పొద్దుగాల కెల్లి ఏమేం తిన్నవ్? ఒకటొకటి జెప్పు."

ఎల్లమ్మ నింపాదిగా చెప్పింది. జొన్నరొట్టె, పప్పు, మజ్జిగ. "ఇగ కోడలు తెచ్చిన జున్ను. మా బర్రెలు ఒకదాని ఎన్క ఒకటి ఈనుతున్నయి గద. రోజొక గిన్నె."

"జున్నుల బెల్లం ఎయ్యరా?"

"బెల్లం లేకుంటె అది జున్నెట్లైతది సారూ? అయినా గది మిఠాయి దుకాణంల కొన్నది గాదు. ఇంట్ల చేసింది."

మార్త నా వైపు చూసింది. ద్రావకం చెడిపోయిందేమోనని బెనెడిక్ట్ సొల్యూషన్‌ను కొత్తగా కలిపి కలిపి అలసిపోయింది ఆ పిల్లే.

జున్ను ఆగింది. ఖాసిం రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేశాడు. గాజు గొట్టంలో ఇటుక రంగు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. పుండు అడుగు నుంచి ఎర్రగా కొత్త కండ పట్టింది. నీలం వచ్చిన పూట మార్త ఆ గొట్టాన్ని వార్డంతా తిప్పి చూపించింది. ఎల్లమ్మ తన పది వేళ్ళతో, తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది. పోతూ పోతూ డాక్టర్ సాబ్ భుజం తట్టి, ఇంత ముద్ద ఎక్కువ తినమని చెప్పింది. ఈసారి ఎవరూ తర్జుమా చేయలేదు.

తరువాత చాలా ఏళ్ళు ఈ పని నేర్పాను. కొత్తవాళ్ళు ముందు సెలైన్ సూది తమ ఒంటికి వేయించుకోవాలని నియమం పెట్టాను. గొణుక్కునేవాళ్ళు గానీ వేయించుకునేవాళ్ళు. అంతకంటే పెద్ద పాఠం ఇంకొకటి ఉంది. రోగి మంచం పక్కన కూర్చుని, వాళ్ళ మాటలోనే, నిన్నటి నుంచి ఏమేం తిన్నారని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా వినడం. సూది పట్టడం ఎవరికైనా కొద్ది రోజుల్లో వచ్చేసేది. ఇలా వినడం మాత్రం కొందరికి ఉద్యోగం ముగిసేదాకా రాలేదు.