బంతి వదిలే ఎత్తు

టాబ్లెట్ తెర మీద చుక్కలు ఒక్కొక్కటే కిందికి జారుతుంటే నాకు మొదటిసారి భయం వేసింది. చికాగో పక్కనున్న నేపర్‌విల్ మైదానంలో సాయంత్రపు వెలుగుకి పిల్లలందరూ నీళ్లలో కదులుతున్నట్టు ఉన్నారు. మా అమ్మాయి బేస్‌బాల్‌లో పిచింగ్ చేస్తోంది, అంటే బ్యాట్ పట్టుకున్నవాళ్లకి బంతి విసురుతోంది. ప్రతి బంతి వేగాన్నీ, దాన్ని వదిలినప్పుడు చెయ్యి ఎంత ఎత్తున ఉందో కూడా కెమెరా కొలిచి చూపిస్తుంది. వేగం పెరిగిందని అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చెయ్యి ఎత్తు చూపే చుక్కల్నే చూస్తున్నాను. నిద్రలోకి జారే పిల్ల చెయ్యిలా, ఆ ఎత్తు మెల్లగా వాలిపోతోంది. చెయ్యి అలిసినా, నొప్పెట్టినా అలాగే వాలుతుంది.

"మామ్, నా స్పీడ్ చూశావా?" అంది కార్‌లో.

"చూశానమ్మా. మోచెయ్యి నొప్పిగా ఉందా?"

చొక్కా చెయ్యి మోచేతి మీదికి లాక్కుంది. "కొంచెం. కోచ్‌కి చెప్పకు, ప్లీజ్. సాటర్‌డే గేమ్‌లోంచి తీసేస్తారు."

"నిన్న అక్క పాలల్లో సీరియల్ లెఫ్ట్ హ్యాండ్‌తో తిన్నది," అన్నాడు వెనక సీట్లోంచి తమ్ముడు.

"నిన్నెవరు అడిగార్రా?"

ఆ రాత్రే కోచ్‌కి మెసేజ్ పెట్టాను. పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "కోచ్‌కి చెప్పేశాను. సాటర్‌డే గేమ్ లేదు, ఇవాళ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నా మీద ఎన్నాళ్లు కోపంగా ఉన్నా పర్లేదు. నువ్వు మాత్రం అక్కని ఏడిపించకు."