ఐదు రూపాయల బిళ్ళ చప్పుడు

స్టీలు ఫ్రేము విరిగే ముందు చెబుతుంది. వారాల తరబడి చెబుతుంది. పెడలు తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. మలుపులో కాస్త పక్కకు జారినట్లనిపిస్తుంది. అతుకు దగ్గర పెయింటు మీద వెంట్రుకంత గీత పడి, ఆ గీతలో తుప్పు ఎర్రగా కనబడుతుంది. మా నాయన సైకిలు అలా రెండు నెలలు చెప్పింది. ఆయన చిత్తూరులో ఒక ముసలి పనివాడి దగ్గరికి తీసుకుపోతే, ఇత్తడి కరిగించి పోసి అతికించాడు. ఆ ఇత్తడి అతుకు ఇప్పటికీ ఉంది. నేను రోజూ పనికి వెళ్ళేది ఆ సైకిలు మీదే.

బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోటలు ఉండేవి. ఎన్ని ఎకరాలో ఇప్పుడు చెప్పుకోవడం మర్యాద కాదు. మా తాత మద్రాసు నుంచి తెప్పించిన ఆ సైకిలు మీద మా నాయన తోటలు చూసుకునేవాడు. వంగి తొక్కే సైకిలు కాదది. మనిషి నిటారుగా కూర్చుంటాడు, ఎదురొచ్చేవాళ్ళకు ముఖం కనబడుతుంది. తోటలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. నా వంతుకు సైకిలు మిగిలింది, దాంతోపాటు మా ఇంటి పద్ధతి ఒకటి. మా ఇంట్లో ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పరు. గుజ్జు ఫ్యాక్టరీ మనుషులు కాయ ధర అడిగితే మా నాయన ఒక్కసారి చెప్పేవాడు. వాళ్ళు బేరానికి దిగితే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. కాయలు చెట్ల కిందే మురిగిపోయిన ఏళ్ళు ఉన్నాయి. అందుకు ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. చాలాకాలం నేనూ సిగ్గుపడలేదు.

తిరుపతిలో ఒక సైకిళ్ళ షోరూములో ఫిట్టరుగా చేరి పద్దెనిమిదేళ్ళయింది. మొదట్లో అన్నీ స్టీలు సైకిళ్ళే వచ్చేవి. స్టీలు గొట్టం సన్నగా ఉంటుంది, బరువు ఎక్కువ. గుంతలో పడితే విల్లులా కాస్త వంగి మళ్ళీ తన చోటికి వస్తుంది, ఆ దెబ్బలో సగమే మనిషికి చేరుతుంది. తర్వాత అల్యూమినియం వచ్చింది. తేలిక, గట్టిది, వంగదు. రేణిగుంట రోడ్డులో కంకర తేలిన చోట దాన్ని తొక్కితే ప్రతి రాయీ మణికట్టులో తెలుస్తుంది. రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు వేళ్ళు తిమ్మిరిగా ఉంటాయి.

ఆ తర్వాత డాక్టర్లూ, సాఫ్ట్‌వేరు వాళ్ళూ కార్బన్ సైకిళ్ళు తేవడం మొదలుపెట్టారు. నల్లటి నారను బట్టలా నేసి, జిగురు పట్టించి, అచ్చులో పెట్టి కాల్చిన గొట్టాలవి. సైకిలు మొత్తాన్ని రెండు వేళ్ళతో ఎత్తవచ్చు. మరమ్మతు చేశాక షాపు ముందు ఒక రౌండు వేసి చూసేవాణ్ణి. రోడ్డు మీది గరుకుదనమంతా అదే మింగేస్తుంది. దుప్పటి పరిచిన దారిలో పోతున్నట్లు ఉంటుంది. అందరూ దానికే మురిసిపోతారు. నాకు మాత్రం కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియని ఆ నడక ఎప్పుడూ నచ్చలేదు. కార్బన్ తనకు తగిలిన దెబ్బను కూడా అలాగే మింగేస్తుంది. లోపల పొరలు విడిపోతాయి, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. తొక్కేవాడికి ఏమీ తెలియదు. ఒకరోజు ఒక్కసారిగా విరుగుతుంది.

కనిపెట్టడానికి ఒక దారి ఉంది. పాత ఐదు రూపాయల బిళ్ళ, ఆ మందపాటిది, తీసుకుని గొట్టం పొడవునా తట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట టక్ టక్‌మని పొడిగా పలుకుతుంది. దెబ్బతిన్నచోట డబ్‌మంటుంది, తడిసిన కట్టెను తట్టినట్లు. నేను తట్టి చూసి ఊరుకోను. బిళ్ళను సైకిలు తెచ్చినవాళ్ళ చేతికే ఇచ్చి, "మీరే తట్టి వినండి" అంటాను. పరాయివాడు చెప్పిన మాటను మనిషి నమ్మకపోవచ్చు, తన చెవిని నమ్మకుండా ఉండలేడు. ఏళ్ళ తరబడి ఒక్కరి దగ్గర కూడా ఈ పద్ధతి తప్పలేదు.

తప్పింది ఒక గురువారం మధ్యాహ్నం. షాపు ఓనరు పెళ్ళికని పుత్తూరు వెళ్ళాడు, నేనొక్కణ్ణే ఉన్నాను. ముప్పై అయిదేళ్ళ మనిషి కార్బన్ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. మా చివరి తోటను కొన్నది అతని తండ్రే. అతను తిరుపతిలో ఇల్లు కట్టుకుని ఉన్నాడు, షాపుకు పాత కస్టమరు. కపిలతీర్థం రోడ్డులో కుక్క అడ్డం వస్తే పడ్డాడట. సైకిలు డివైడరు అంచుకు కొట్టుకుంది. వెనక గేరు వంకర పోయింది, అది సరిచేస్తే చాలన్నాడు. ఆదివారం ఇరవై మంది కలిసి సైకిళ్ళ మీద భాకరాపేట ఘాటు రోడ్డుకు పోతున్నారట.

హ్యాండిలు దగ్గర నుంచి పెడళ్ళ దాకా దిగే లావు గొట్టం మీద గోరంత గీత ఉంది. బిళ్ళ తీసి తట్టాను. టక్, టక్, టక్. గీత దగ్గరికి రాగానే డబ్.

"ఏందన్నా, పనసకాయ బేరం చేస్తా ఉండావా?" అని నవ్వాడు.

"ఈ ఫ్రేము లోపల దెబ్బతినింది. తొక్కొద్దు," అన్నాను.

"యాడ? సూపీ. పెయింటు లేసింది, అంతే గదా."

"కంటికి కనపడదు."

"కంటికి కనపడందాన్ని నమ్మాలంటే గుడికి పోతా గదన్నా, నీ షాపుకొచ్చేదెందుకు?"

ఇలాంటి మాటలు చాలామంది అంటారు. మామూలుగా అయితే నేనప్పుడు బిళ్ళ చేతికిస్తాను. ఇవ్వడానికి చెయ్యి చాపాను కూడా. అంతలో అతను గోడకు ఆనించి ఉన్న నా సైకిలు వైపు చూశాడు.

"నువ్వు పర్వాలేదన్నా, యాపారం నేర్సినావు. కొత్త ఫ్రేము అంటగట్టేదానికి ఎన్ని కతలు! మీ నాయన తోట అమ్మిన దినం ఒక్క మాట మాట్లాడలేదంట. సంతకం పెట్టి, ఇదో ఈ సైకిలే ఎక్కి, దొర మాదిరి పోయినాడంట. మా నాయన ఇప్పుటికీ సెప్పి నవ్వుతాడు."

పగతో అన్న మాట కాదది. నవ్వించాలని అన్నాడు, అంతే. నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బిళ్ళ జేబులో వేసుకున్నాను.

"మీ ఇష్టం," అన్నాను.

గేరు సరిచేశాను. గొలుసుకు నూనె వేశాను. మెత్తటి గుడ్డతో ఫ్రేము అంతా తుడిచి, రెండు చేతులతో అప్పగించాను. అంత మర్యాదగా ఎవరికీ అప్పగించి ఉండను.

శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. అతని ఫోను నంబరు షాపు పుస్తకంలో ఉంది. ఓనరుకు చెబితే ఆయనైనా మాట్లాడేవాడు. ఒకసారి చెప్పాను కదా, చాలు అనుకున్నాను. నా లోపల ఆ మాట అంటున్న గొంతు నాది కాదు, మా నాయనది.

ఆదివారం తెల్లవారేసరికి నిద్ర పట్టక సైకిలు తీసుకుని బయలుదేరాను. ఎక్కడికని అనుకోలేదు. చంద్రగిరి రోడ్డులో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. అక్కడే ఎందుకు ఆగానో నాకు తెలుసు. ఘాటుకు పోయేవాళ్ళు ఆ దారినే వెళ్ళాలి. టీ సగం తాగేసరికి వాళ్ళు వచ్చారు, రంగు రంగు చొక్కాలతో, తలలు వంచి, చప్పుడు లేకుండా. అతను నాలుగోవాడో అయిదోవాడో. నన్ను చూసి చెయ్యెత్తాడు. "అన్నా!" అని పిలిచాడు కూడా.

నేనూ చెయ్యెత్తాను. "ఆగు" అని ఒక్క మాట అంటే ఆగేవాడు. అంతమంది ముందు ఆపి, మళ్ళీ అదే మాట చెప్పి, మళ్ళీ నవ్వులపాలు కావడమా అనిపించింది. గ్లాసు కడిగి పెట్టి, ఇంటికి తిరిగి వచ్చాను.

ఘాటు ఎక్కేటప్పుడు అతనికి ఏమీ కాలేదు. దిగేటప్పుడు, రెండో మలుపు దాటాక, చిన్న గుంత. వెనక వస్తున్నవాళ్ళు చెప్పింది ఏమిటంటే, కొయ్య విరిగినట్లు ఒక చప్పుడు, అంతే. ముందు చక్రం ఒక దిక్కు, వెనక చక్రం ఒక దిక్కు. అతని ముఖం రోడ్డుకు కొట్టుకుంది. హెల్మెట్టు వల్ల ప్రాణం నిలిచింది. దవడ మూడుచోట్ల విరిగింది, ముందు పళ్ళు పోయాయి, తొమ్మిది రోజులు తెలివి రాలేదు.

ఆ తొమ్మిది రోజుల్లో నాకు పేరొచ్చింది. ఓనరు పుత్తూరు నుంచి రాగానే నేను జరిగింది చెప్పాను. బిళ్ళ తట్టాననీ, తొక్కొద్దన్నాననీ చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఆయన వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకున్నాడు.

"మావాడు ముందే సెప్పినాడప్పా! బిళ్ళ ఏసి తట్టినాడు, పట్టేసినాడు. ఇన్లేదు. ఇనుంటే ఈ గతి పట్టునా?"

విరిగిన ఫ్రేమును ఎవరో గోనెసంచిలో వేసి షాపుకు తెచ్చారు. ఓనరు ఆ రెండు ముక్కల్నీ నేను పనిచేసే బల్లకు ఎదురుగా గోడకు తగిలించాడు. చెరుకు విరిస్తే పీచు లేచినట్లు, విరిగినచోట నల్లటి నార లేచి ఉంటుంది. జనం వచ్చి చూసేవాళ్ళు. ఎన్నడూ రానివాళ్ళు కూడా సైకిళ్ళు తెచ్చి తట్టి చూడమనేవాళ్ళు. నేను తట్టేవాణ్ణి. అన్నీ టక్ టక్‌మనే పలికేవి. అయినా ఆ గోడ మీది గొట్టం దగ్గర్నుంచి డబ్‌మని వినబడేది. ఇంట్లో పప్పు గరిటెను గిన్నె అంచుకు కొడితే అదే చప్పుడు. పక్కింటివాళ్ళ తలుపు వేస్తే అదే. పొద్దున షాపుకు వస్తూ నా స్టీలు సైకిలు గుంతలో పడితే, కింద ఎంత ఖంగుమని పలికినా, చెవికి మాత్రం డబ్. ఒకటి రెండుసార్లు దిగి, ఇత్తడి అతుకును వేలితో తడిమి చూసుకున్నాను. ఏమీ లేదు. మా నాయన ఇప్పుడు బతికి ఉంటే ఏమనేవాడని నన్ను నేనే అడిగాను. చెప్పావు కదా అనేవాడు. అంతకుమించి అనేవాడు కాదు. ఆ జవాబు సరిపోదేమో అని నాకు మొదటిసారి అప్పుడే అనిపించింది.

మూడు నెలలకు అతను ఆటోలో వచ్చాడు. చిక్కిపోయాడు. దవడ ఒకవైపు కుంగింది, మాట మెత్తగా, నములుతున్నట్లు వస్తోంది. గోడ మీది ముక్కల్ని చూసి గడప దగ్గరే ఆగాడు. ఓనరు పరుగున వచ్చి కుర్చీ వేశాడు. అతను కూర్చోలేదు. నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక మాట అడగల్ల. ఆ వారం జరిగింది నాకు ఏమీ గుర్తు లేదు. కుక్క అడ్డమొచ్చింది గుర్తుండాది. ఆడికి సరి. ఈ షాపుకొచ్చింది కూడా గుర్తు లేదు."

"వచ్చావు," అన్నాను.

"నువ్వు సెప్పినావంట. నేను ఇన్లేదంట. మా ఇంటిది అంటాది, మా నాయనైతే దినామూ అంటాడు. అన్నం పెట్టినప్పుడు అంటాడు, మాత్ర ఇచ్చేటప్పుడు అంటాడు. అంత మూర్కుణ్ణా అన్నా నేను? నిజంగా సెప్పినావా?"

షాపులో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. ఓనరు నా వైపు చూసి తల ఆడిస్తున్నాడు. చెప్పానంటే నిజమే. అక్కడితో ఆపితే మూడు నెలలుగా నిలిచిన పేరు నిలుస్తుంది, అతను ఇంటికి పోయి తండ్రి మాటలు జీవితాంతం పడతాడు.

"చెప్పాను," అన్నాను. "ఒక్కసారి చెప్పాను. అందరికీ బిళ్ళ చేతికిచ్చి వినిపిస్తాను. నీకు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నువ్వు వినేవాడివి. ఆదివారం పొద్దున చంద్రగిరి రోడ్డులో నిన్ను చూశాను. నువ్వు పిలిచావు కూడా. ఆపలేదు. ఇది మీ నాయనకు చెప్పు."

ఓనరు "ఏందప్పా ఇది, ఇప్పుడెందుకు..." అని సగంలో ఆగిపోయాడు. కొనేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అతను నా బల్ల అంచు పట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. లెక్క తేలని పిల్లవాడి ముఖంలా ఉంది.

"ఎందుకియ్యలేదన్నా?" అన్నాడు.

నేను బల్ల మీది పానాను తీసి డబ్బాలో పెట్టాను.

"నేనేమన్నా అంటినా నిన్ను? ఏదన్నా అనరాని మాట అంటినా? నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. సెప్పన్నా, అనుంటే సెప్పు."

నాకు మిగిలిన ఒకే ఒక్క ఆసరా అది. దొర మాదిరి పోయినాడంట అన్న మాట అప్పుడు బయటపెడితే, అక్కడున్న అందరూ సగం తప్పు అతని మీద వేసేవారు. అతనూ వేసుకునేవాడు. విరిగిన దవడతో ఆ మాటను కూడా ఇంటికి మోసుకుపోయేవాడు.

"లేదు," అన్నాను. "నువ్వు ఏమీ అనలేదు."

"ఏమీ అనకుండానే పంపించేస్తివా?"

"అవును."

అతను నన్ను చూశాడు. ఆ చూపు కింద నేను తల దించలేదు. దించితే బాగుండేదేమో తెలియదు. గోడ మీది ముక్కల్ని దింపమని ఓనరుకు చెప్పాడు. ఓనరు స్టూలు ఎక్కి దింపాడు. చిన్న ముక్కను అతను తీసుకున్నాడు, పెద్దదాన్ని నేను ఎత్తి ఆటోలో పెట్టాను. అంత తేలికైనది ఆ రోజు చేతికి బరువుగానే తగిలింది. ఆటో కదిలింది. మా వైపు ఎంత కోపంలో ఉన్నవాడైనా గడప దిగేటప్పుడు పోయొస్తా అంటాడు. అతను అనలేదు.