పదకొండు మగ చేపలు

చనిపోయిన రోజు ఉదయం మామగారు చేసిన చివరి పని కోడల్ని తిట్టడం. అది ఆయనకి పళ్లు తోముకోవడం లాంటిదే కాబట్టి ఆమె పట్టించుకోలేదు. ఆయన చేతిలో వల, వలలో తోక చిరిగి బిగుసుకుపోయిన నారింజ రంగు చేప.

"చూశావా అమ్మాయ్, నాలుగోది. కడుపు చల్లబడిందా?"

"ఆఫీసుకి టైమైంది మామయ్యగారూ. వచ్చాక తీరిగ్గా తిడుదురు గాని" అని చెప్పులేసుకుంది.

కొరియర్ ఆఫీసు కౌంటర్లో ఉండగా మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. చేపల తొట్టి ఎదురుగా కుర్చీలోనే, తడి వల ఒళ్లో పెట్టుకుని పోయాడట.

వీధిలో ఆయన్ని లేత్ తాత అనేవారు. ముప్పై ఆరేళ్లు లేత్ మిషన్ మీద బోల్టులు కోశాడు. ఆ మోతకి ఒక చెవి పోయింది. కోడలు మాట్లాడేటప్పుడు మాత్రం రెండూ పోయేవి. భార్య పోయాక తొమ్మిదేళ్లు ఆ రెండు గదుల ఇంట్లో తండ్రీ కొడుకూ ఇద్దరే ఉన్నారు. ముందుగదిలో వెలుతురొచ్చే ఒక్క కిటికీనీ మూడడుగుల గాజు తొట్టి ఆక్రమించింది. కోడలు కాపరానికి వచ్చేసరికే అందులో పదకొండు చేపలు స్థిరపడి ఉన్నాయి. ఆమెకే చోటు లేదు.

ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్లు అవి. రాళ్ల సందులు పట్టుకుని, అడుగుపెట్టినవాళ్ల మీదికల్లా ఒంటికాలి మీద లేచే జాతి. వాటిని ఎంచడంలో ముసలాయనకి వంక పెట్టడానికి లేదు. ఒకటీ రెండూ పెంచితే బలమైనది రెండోదాన్ని చంపేదాకా నిద్రపోదు. పదీ పదకొండూ ఉంటే దెబ్బలు తలా కాస్తా పడతాయి. ఒకే రంగువి రెండుండకూడదు. తన రంగుని ఇంకోదాని ఒంటి మీద చూస్తే వీటికి ఒళ్లు మండుతుంది. అన్నీ ఒకే సైజు ఉండాలి; అందుకని షాపులో అద్దానికి వెర్నియర్ ఆనించి కొలిచేవాడు.

"మేస్త్రిగారూ, అది చేపండీ, బోల్టు కాదు" అనేవాడు షాపతను.

"బోల్టుకి ఇంత పొగరుండదులే."

ఇంట్లో బోరు నీళ్లకి సబ్బు నురగ రాదని కోడలు గొణిగితే, "నా చేపలకి ఆ నీళ్లే పడతాయి. నీ చీరల కోసం వాటిని చంపుకోమంటావా?" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద నియమం, అన్నీ మగవే కావాలి. "ఒక్క ఆడది దిగిందంటే కొంప మునిగినట్టే" అనేవాడు. తొట్టి వైపు చూస్తూ కాదు, వంటగది వైపు చూస్తూ. ఇంటికొచ్చిన చుట్టాలకీ అదే పాఠం: "తొమ్మిదేళ్లు మగాళ్లమే ఉన్నాం. గ్లాసుకి గ్లాసు తగిలిన చప్పుడు లేదు." భర్త పేపర్లో తల దూర్చేవాడు.

రెండేళ్లు భరించింది. ఒకరోజు ఆయన ఆ మాట ఆమె తల్లి ముందే అన్నాడు. తల్లి సగం తాగిన టీ కింద పెట్టి లేచిపోయింది. మర్నాడు కోడలు ఆఫీసు నుంచి నేరుగా చేపల షాపుకెళ్లి ఒక ఆడ సిక్లిడ్ ఇవ్వమంది. షాపతను ఇంకెవరికో మోటారు బిగిస్తూ, తల తిప్పకుండా, "ఆ నీలం చారల్ది తీసుకోండి, ఆడదే" అన్నాడు.

ఇంటికొచ్చి మామగారి ఎదురుగానే కవరు కోసి తొట్టిలో గుమ్మరించింది.

"షాపతను ఆడదన్నాడు మామయ్యగారూ. ఏం మునుగుతుందో చూద్దాం. నెల రోజులు. ఏమీ కాకపోతే ఆ మాట మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు."

"అయితే?"

"అయితే బతికినన్నాళ్లూ అనుకోండి. నోరెత్తను."

ఆ రకం చేపని ఆయన ఎప్పుడూ కొనలేదు. మహా పొగరుబోతు రకమని వినడమే. మామూలుగా కొత్త చేప వస్తే ముందు తొట్టిలో రాళ్లన్నీ తీసేసి వేరేలా పేర్చేవాడు. పాతవాటికి తమ మూల ఏదో తెలియక, కొత్తదాని మీద పడే తీరిక ఉండేది కాదు. ఆ రోజు ఒక్క రాయి కూడా కదపలేదు. ఈ పద్ధతి ఆమెకి తెలియదు. ఆయనకి తెలుసు. కుర్చీ తొట్టి ముందుకి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పన్నెండు రోజులు యుద్ధం. నీలం చేప వచ్చిన రోజే పెద్ద గుహ పట్టేసింది. అడ్డొచ్చినదాని రెక్కా తోకా చీల్చింది. ఒక్కోదాన్ని నెలల తరబడి వెతికి తెచ్చుకున్నవాడు, చచ్చినదాన్నల్లా కాగితంలో చుట్టి బయట పారేసి వచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూర్చునేవాడు. మూడోది పోయిన రోజు ఆయన అన్నం సగంలో లేచిపోయాడు. ఆమెకే మనసు ఒప్పలేదు.

"వలతో ఒక్క నిమిషం పని. తీసేయొచ్చుగా?"

"ఓడిపోయానని చెప్పు. తీసేస్తా."

ఆమె చెప్పలేదు. ఆయన తీయలేదు.

ఆయన పోయాక మిగిలిన ఏడింటినీ భర్త షాపుకి ఇచ్చేశాడు. నీలందాన్ని మాత్రం ఆమె ఇవ్వనివ్వలేదు. పరామర్శకి వచ్చిన చుట్టాలు తొట్టి చూసి, "పెద్దాయన అంటూనే ఉండేవాడు, ఆడది దిగితే ఇంతేనని" అన్నారు. మాటిచ్చింది కాబట్టి నోరెత్తలేదు. రోజూ పొద్దున్న గుప్పెడు తిట్లూ చిటికెడు మేతా ఆ చేపకే వేసింది.

నాలుగు నెలలకి దాని ఒంటి మీద నీలం వెలిసిపోవడం మొదలైంది. పొట్ట కింద పసుపు మచ్చలు తేలాయి. ఏదో రోగం పట్టుకుందని, కవర్లో వేసుకుని షాపుకి తీసుకెళ్లింది. షాపతను కవరు పైకెత్తి ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోగం కాదమ్మా. ఈ రకం పిల్లలప్పుడు అన్నీ నీలంగానే ఉంటాయి. పెద్దయ్యాక పసుపుకి తిరిగేవి మగవి."