జోజమ్మ దాచని జవాబులు

ఈ బుధవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మా చెల్లెలు జోజమ్మ రెంటచింతలలో తన ఇంట్లో కన్నుమూసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆమెకు అరవై, నాకు డెబ్బై ఒకటి. వరస తప్పిన ఈ చావు ఇంకా నా తలకెక్కడం లేదు.

జబ్బు పేరు తెలిశాక ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, చుట్ట తాగేదా అని. ఆమె తాగలేదు, ఆమె ఇంట్లో ఎవరూ తాగలేదు. "తాగుంటే ఆ రుచన్నా మిగిలేది గదమ్మా" అని నవ్వేది.

నిరుడు మే నెలలో, ఒక శనివారం, తగ్గని దగ్గు క్యాన్సరని తేలాక నరసరావుపేట డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలకు నేను కుర్చీలో బిగుసుకుపోయాను. ఎన్నో ఏట పెద్దమనిషివయ్యావు, ఎన్ని కాన్పులు, నెలసరి ఎప్పుడు ఆగింది. మా ఇళ్లలో ఇవి ఆడవాళ్లం గొంతు తగ్గించి చెప్పుకొనే మాటలు. పక్కన చెల్లెలి కొడుకున్నాడు. జోజమ్మ తడుముకోలేదు. పదమూడో ఏట, మూడు కాన్పులు, ముప్ఫై రెండో ఏట గర్భసంచితో పాటు అండాశయాలు రెండూ తీసేశారు, నెలసరి ఆ రోజుతో సరి. కొడుకు లేవబోతే, "కూచోరా, నువ్వు పుట్టిన సంచి సంగతే" అంది.

దగ్గుకూ దీనికీ ఏమిటి సంబంధమని నేనడిగాను. అండాశయాల్లో తయారయ్యే హార్మోన్లు ఊపిరితిత్తుల మీదా పనిచేస్తాయట. అవి చిన్న వయసులోనే ఆగిపోయినవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించిందట, మరికొన్నింట్లో కనిపించలేదట. ఈమె జబ్బుకు అదే కారణమని మాత్రం తాను అనలేనంది డాక్టరమ్మ. పొత్తికడుపులో ఆగిన ఊట రొమ్ములోని ఊపిరిని తాకగలదన్న ఊహకే నేను నివ్వెరపోయాను.

జోజమ్మ మనసు అప్పటికే కోడలు రజిని దగ్గరికి పోయింది. రజినికి ముప్ఫై నాలుగు. అధిక రక్తస్రావానికి గర్భసంచీ అండాశయాలూ మొత్తం తీయించేస్తే పీడా పోతుందని పెద్దవాళ్లు తీర్మానించారు, సోమవారమే ఆపరేషన్. మాచర్లలో పుట్టింట్లో ఉంది. ఆదివారం ఆ ఎండలో జోజమ్మ బస్సెక్కింది, నేను వెంట వెళ్లాను. గడపలో కూలబడి, ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"ఏమే, ఎందుకు తీస్తన్నారో అడిగావా?"

లేదంది రజిని.

"నేనూ అడగలా. నా దగ్గు దానివల్లేనని డాక్టరమ్మ అన్లా, నేనూ అన్ను. అవసరమైతే తీయించుకో. అడక్కుండా మాత్రం ఇయ్యమాక."

రజిని ఆపరేషన్ ఆపి ఇంకొక డాక్టరుకు చూపించుకుంది. మందులతో తగ్గింది.

అందని ఊపిరిని ఇంకొకరి కోసం అలా ఖర్చుపెట్టిన మనిషిని నేను మళ్లీ చూడను.

పోయినవి ఇవి. నాకు ఒక్కగానొక్క చెల్లెలు. ముగ్గురికి తల్లి. మిరప కోతల్లో పక్క సాలు నుంచి వినబడే నవ్వు. రజిని గర్భసంచి, అండాశయాలు ఈ లెక్కలో లేవు.