డీజిల్ జనరేటరుకు రెండు వారాల గడువు

ఆ ఏడాది భద్రతా కమిటీ సమావేశాన్ని తిరుపతిలో పెడదామని మా అధ్యక్షుడు అన్నప్పుడే నా పని ఏమైపోతుందో నాకు అర్థమైంది. నేను పుట్టింది చిత్తూరులో, ఇంజనీరింగు చదివింది తిరుపతిలో. కాబట్టి ఇక నేను నివేదిక రాసిన మనిషిని కాను. గదులు, కార్లు, దర్శనం టికెట్లు, ఎవరికి ఉప్పు తక్కువ భోజనం కావాలి, ఇవన్నీ చూడాల్సిన మనిషిని.

అవి తొంభైల చివరి రోజులు. అణు విద్యుత్ కేంద్రాలకు అనుమతులిచ్చే ముందు వాటి భద్రతను పరిశీలించే ఆఫీసులో పనిచేసేదాన్ని. ఏది చెడిపోతే ఏమవుతుంది, అది చెడిపోయే అవకాశం ఎంత అని లెక్క కట్టడం, వేరేవాళ్లు కట్టిన లెక్కలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. దాన్ని రిస్కు లెక్క అనేవాళ్లం. మా దగ్గర ఆ పద్ధతి అప్పటికి కొత్త. అంతకుముందు అన్నీ నియమాలే: ఇన్ని పంపులుండాలి, గోడ ఇంత మందం ఉండాలి, ఇది పనిచేయకపోతే రియాక్టరు ఆపాలి. రిస్కు లెక్క వచ్చాక కొందరు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, కొందరు దాని పేరెత్తితేనే మొహం తిప్పుకున్నారు. ఇది కూడా ఒక పనిముట్టే, నియమాలతో పాటు వాడుకుందాం అని చెప్పేవాళ్లం ఆఫీసు మొత్తానికి ఇద్దరు ముగ్గురం. మా మాట రెండు పక్షాలకూ రుచించేది కాదు.

ఆ సమావేశంలో తేలాల్సింది ఒక కేంద్రం పెట్టుకున్న అర్జీ. రియాక్టరును ఆపేసినా దాని లోపల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి తీసేయడానికి పంపులు తిరగాలి, పంపులకు కరెంటు కావాలి. బయటి కరెంటు పోతే ఆదుకోవడానికి డీజిల్ జనరేటర్లు ఉంటాయి. వాటిలో ఒకటి మరమ్మతుకు వస్తే మూడు రోజుల్లో బాగుచేసుకోవాలి, లేదంటే రియాక్టరు ఆపాలి. ఆ మూడు రోజుల గడువును రెండు వారాలు చేయమని వాళ్లు అడిగారు. అడగడంలో అన్యాయం లేదు. హడావిడిగా బిగించిన జనరేటరు కంటే తీరిగ్గా బాగుచేసిన జనరేటరే మేలు. గడువు పొడిగిస్తే ప్రమాదం పెద్దగా పెరగదని రిస్కు లెక్క కూడా జతచేశారు. చివర తేలిన సంఖ్య ఎంత చిన్నదంటే, దశాంశ బిందువు తర్వాత సున్నాలు వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి.

ఆ లెక్కను ముందేసుకుని వేసవంతా కూర్చున్నాను. రెండు చోట్ల నాకు మింగుడుపడలేదు. బయటి కరెంటు ఎన్నిసార్లు పోతుందన్న అంకెను ఏదో విదేశీ పుస్తకంలోంచి దించారు. మన గ్రిడ్ సంగతి మనకు తెలియదా? రెండోది, ఒక జనరేటరు చెడిపోయినా మిగిలినవి ఎప్పటిలాగే ఉంటాయని అనుకున్నారు. అన్నీ ఒకే తయారీవి, ఒకే మనుషులు విప్పి బిగించేవి. మొదటిది ఎందుకు చెడిందో తెలియకుండా మిగతావి బాగున్నాయని ఎలా చెబుతారు? ఇదే నివేదికగా రాశాను. అది రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి పొడవు ఎక్కువైందని, ఇంకోసారి అక్షరాలు చిన్నగా ఉన్నాయని.

తిరుపతిలో మా మేనమామకు గుడ్డల కొట్టు ఉండేది. దర్శనం బాధ్యత ఆయనకు అప్పగించాను. కొండమీద తనకు బాగా తెలిసినతను ఉన్నాడని, అందరినీ నేరుగా లోపలికి పంపిస్తాడని ఆయన ధైర్యం చెప్పాడు. అతను కాకపోతే ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, నాకు అన్నిటికీ అనుమానమేనని నవ్వాడు. ఆ పూటే కొట్లో కూర్చోబెట్టి, నేను చేసే పనేమిటని అడిగాడు. పంపుల గురించి, కరెంటు గురించి ఓపిగ్గా చెప్పాను. ఆయన తల ఊపుతూ అంతా విన్నాడు.

"అదంతా సరే పాపా, అది పేల్తాదా పేలదా? ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాటలో చెప్పేది కాదు మామా అన్నాను. ఆయన లోపలికి తిరిగి, పేలదంట అని మా అత్తకు చెప్పాడు. 

సమావేశం ఒక హోటల్ హాల్లో. పొద్దున్నే రావలసిన నా అంశాన్ని భోజనాల ముందుకు జరిపారు. నేను మాట్లాడుతున్నంతసేపూ తలుపు చప్పుడైతే చాలు, కొండకు కార్లొచ్చాయేమోనని అందరి తలలూ అటే తిరిగేవి. గ్రిడ్ సంగతి సగంలో ఉండగా, సంఖ్య మనం పెట్టుకున్న హద్దులోపలే ఉందా లేదా అని అధ్యక్షుడు అడిగాడు. ఉందని ఆ కేంద్రం చీఫ్ ఇంజనీరు చెప్పాడు. మరి అభ్యంతరం ఏమిటన్నాడు అధ్యక్షుడు. ఆ సంఖ్య ఎక్కడినుంచి పుట్టిందో అదే చెబుతున్నానన్నాను.

అప్పుడు మా కమిటీలో అందరికంటే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. రిటైరైన ఇంజనీరు. రియాక్టర్లు కట్టించిన చేతులు. అమ్మాయి చెప్పింది నిజం, ఈ లెక్కను నమ్మొద్దు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటకొస్తే ఏ రిస్కు లెక్కనూ నమ్మొద్దు, ఇదంతా జ్యోతిషం, మూడు రోజులంటే మూడు రోజులే అని ముగించాడు. నన్ను సమర్థించిన ఒకే ఒక్క మనిషి నా వృత్తి మొత్తాన్ని చెత్తబుట్టలో వేశాడు. ముందు ఎవరితో పోట్లాడాలా అని చూస్తున్నాను. ఇంతలో కార్లొచ్చాయన్నారు. మిగతాది రేపు చూద్దామని అధ్యక్షుడు లేచాడు.

కొండమీద మా మామకు తెలిసినతను కనిపించలేదు. ఊరెళ్లాడట. మాతో వచ్చిన మామను ఇప్పుడు ఏమని ఏం లాభం. వచ్చినవాళ్లను వెనక్కి తీసుకెళ్లలేం కదా, అందరితోపాటు ధర్మదర్శనం వరసలో నిలబడ్డాం. ఒక కంపార్టుమెంటులో కూర్చోబెట్టి కటకటాల తలుపు వేశారు. ముందువాళ్లు కదిలేదాకా అక్కడే. పిల్లల ఏడుపులు, గోవింద నామాలు. అధ్యక్షుడు ఒక మూల గట్టుమీద కూర్చుని నావైపు చూడటం మానేశాడు. వేడివేడి ఉప్మా పంచుతుంటే అది తీసుకుని నేను చీఫ్ ఇంజనీరు పక్కన కూలబడ్డాను. పొద్దున్నుంచి ఇంగ్లీషు తప్ప మాట్లాడని ఆయన, మా మామ యాస విని నన్ను మీదీ ఈ పక్కేనా అని అడిగాడు. ఆయనది పాకాల దగ్గర పల్లె. వాళ్ల నాయన రైల్వేలో చేశాడట.

సంఖ్య జోలికి పోకుండా, పోయినసారి జనరేటరు ఎందుకు ఆగిందని అడిగాను.

"ఫిల్టరు మూసుకొనిందమ్మా. డీజిల్లో చెత్త ఉండాది."

"మిగతావాటికి ఏ డీజిల్ సార్?"

"అన్నిటికీ ఆ ట్యాంకరే గదా పోసింది. విప్పి సూస్తే ఇంగోదాంట్లో గూడా చెత్త ఉండాది. అది పూరా మూసుకోలేదు, అంతే. రెండూ శుభ్రం చేసి పెట్టినాము."

"మరి లెక్క కట్టినోళ్లకు ఈ మాట చెప్పినారా?"

"వాళ్లు అడగలేదే. ఎన్ని చెడిపోయినాయని అడిగినారు. ఒగటని చెప్పినాను."

 ఆయన అబద్ధం చెప్పలేదు. లెక్క కట్టినవాళ్లూ కూడిక తప్పు చేయలేదు. ఇన్ని నెలల ఉత్తరాలు, ఇంత మంది సంతకాలు, ఒకే చెత్త రెండు ఇంజన్లలోకి పోయిందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు అరవాలనిపించింది. అరవడానికి బదులు లేచి వెళ్లి అధ్యక్షుడినీ పెద్దాయననూ పిలుచుకొచ్చాను. రాలేమని తప్పించుకోవడానికి వాళ్లకు వేరే చోటు లేదు. ఆ మాటలే మళ్లీ చెప్పమని చీఫ్ ఇంజనీరును అడిగాను. ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు గాని దాచకుండా చెప్పాడు.

చూశారా, లెక్క తప్పని నేను చెప్పలేదా అన్నాడు పెద్దాయన. తప్పే, కానీ తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలిగాం, ఎందుకంటే వాళ్లు ఏమేం అనుకున్నారో లెక్కలో రాశారు అన్నాను. మీ మూడు రోజుల నియమం ఎట్లా వచ్చిందో చెప్పండి అని అడిగాను. దాన్ని రాసిన కమిటీలో ఆయనే ఉన్నాడు.  అప్పట్లో విడిభాగం బొంబాయి నుంచి రావడానికి మూడు రోజులు పట్టేదని చెప్పాడు. చెబుతూ తనే కొంచెం నవ్వాడు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. నా నివేదికలో గ్రిడ్ గురించి ఏం రాశానో చెప్పమన్నాడు. అంతవరకూ ఆయన దాన్ని తెరవలేదని అప్పుడు తెలిసింది. మొదటినుంచి చెప్పుకొచ్చాను. పక్కనే బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబం మా గొడవ ఆస్తి పంపకాల గురించి అనుకున్నట్టుంది, జాలిగా చూస్తున్నారు. తలుపు తీసేసరికి నా గొంతు బొంగురుపోయింది.

మర్నాడు హాల్లో ఎక్కువసేపు పట్టలేదు. రెండు వారాలు కాదు, ఒక వారం ఇచ్చారు. అదీ షరతులతో. జనరేటరు దానంతటది చెడిపోతే, అదే లోపం మిగతావాటిలో లేదని ముందు తేల్చుకోవాలి, తేలకపోతే రియాక్టరు ఆపాలి. కావాలని మరమ్మతుకు విప్పేటట్లయితే గ్రిడ్ సరిగా లేని రోజుల్లో విప్పకూడదు. కరెంటు ఎన్నిసార్లు పోయిందో సొంతంగా రాసిపెట్టుకోవాలి. పెద్దాయన ఒప్పుకోలేదు. అనుమతుల విషయంలో రిస్కు లెక్కను చూడనే కూడదని తన అసమ్మతి రాసిచ్చాడు. దాన్ని టైపు చేయించే పని కూడా నామీదే పడింది.

ఆ తర్వాతి వానాకాలంలో చీఫ్ ఇంజనీరు ఫోన్ చేశాడు. సామాన్లొచ్చాయి, బయటి నుంచి మెకానిక్కులొచ్చారు, గ్రిడ్ మాత్రం కుదురుగా ఉండటం లేదు. జనరేటరు విప్పడానికి లేదు.

"ఈడ మనుషులంతా ఊరికే కూర్చోనుండారమ్మా. మీరు షరతు రాసేసి పోతారు, మోసేది మేము."

గ్రిడ్ కుదుటపడేదాకా ఆగక తప్పదు సార్ అన్నాను. ఆగే ఉండామని విసురుగా పెట్టేశాడు. నాకూ విసుగొచ్చింది. ఆ కేంద్రం పంపిన ఆ నెల నివేదికలో ఒక వాక్యం చూశాను. బయటి కరెంటు పూర్తిగా పోయిందట, జనరేటర్లన్నీ వెంటనే తిరిగి పంపులకు కరెంటు అందించాయట, విప్పుదామనుకున్నది కూడా. దాని కింద ఆయన సంతకం ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఆయన ఫోన్ చేయలేదు, నేనూ అడగలేదు.